దిగుడు దారిలో గాలి గండం

కొండెక్కేటప్పుడు పరీక్ష కాళ్లకు. దిగేటప్పుడు చక్రాలకు. అందులోనూ పక్కనుంచి గాలి విసిరికొడుతుంటే... వేలకు వేలు పోసి కొన్న అందమైన చక్రాలే ప్రాణం మీదికి తేవచ్చు. మరి ఎలాంటివి ఎంచుకోవాలి?

2016 జులై 14. ఫ్రాన్స్ జాతీయ దినోత్సవం. ప్రపంచంలోనే పేరుమోసిన సైకిల్ పోటీ టూర్ డి ఫ్రాన్స్ ఆ రోజు మాంట్ వెంటూ అనే కొండ శిఖరం మీద ముగియాలి. జనం వేలల్లో వచ్చేశారు. కానీ శిఖరం మీద గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటేసింది. మనిషి నిలబడటమే కష్టమైనచోట సైకిళ్లేం నిలుస్తాయి? నిర్వాహకులు ముగింపు గీతను ఆరు కిలోమీటర్లు కిందికి దించేశారు.

పైదాకా పరుచుకోవాల్సిన జనమంతా కిందే కిక్కిరిసిపోయారు. ఆ ఇరుకులో టీవీ కెమెరా మోటార్‌సైకిల్ ఒకటి ఆగిపోవడం, దాని వెనకే వస్తున్న ముగ్గురు పోటీదారులు గుద్దుకుని పడిపోవడం... క్షణాల్లో జరిగిపోయాయి. వాళ్లలో ఒకరు అప్పటికి రెండుసార్లు టూర్ విజేత అయిన క్రిస్ ఫ్రూమ్. సైకిల్ విరిగిపోయింది. ఏం చేయాలో తోచక ఆయన సైక్లింగ్ బూట్లతోనే కొండమీదికి పరుగందుకున్నాడు! ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. చివరికి ఆ ఏడాది టూర్ కూడా ఆయనే గెలిచాడు. అది వేరే సంగతి. అసలు అంత గందరగోళానికీ మూలం ఎవరంటే... గాలి!

గాలికి పుట్టినిల్లు

ఫ్రాన్స్ దక్షిణాన ప్రొవాన్స్ ప్రాంతంలో చుట్టూ ద్రాక్షతోటలు, లావెండర్ పొలాల నడుమ ఒంటరిగా లేచి నిలబడ్డ కొండ మాంట్ వెంటూ. ఎత్తు 1,900 మీటర్ల పైమాటే. ఇటలీ కవి పెట్రార్క్ 1336లోనే దీన్ని ఎక్కి, ఆ అనుభవాన్ని లేఖగా రాశాడు. ఒకప్పుడు ఓడలు కట్టడానికి ఇక్కడి చెట్లను నరికేశారు. దాంతో కొండ నెత్తి బోడిగుండైంది. తెల్లటి సున్నపురాయి తప్ప పచ్చటి ఆకు కనిపించదు. దూరంనుంచి చూస్తే ఎండాకాలంలోనూ మంచు కప్పుకున్నట్టే ఉంటుంది.

ఈ బోడికొండ మీదికి ఉత్తరంనుంచి ‘మిస్ట్రల్’ అనే పొడి చలిగాలి విరుచుకుపడుతుంది. రోన్ నది లోయ వెంట సన్నటి సందులోంచి వచ్చినట్టు వేగం పుంజుకుని మరీ వస్తుంది. శిఖరానికి కాస్త కింద ఉన్న ఒక కనుమ పేరే ‘కోల్ దె తాంపేత్’. అంటే తుపానుల కనుమ!

బెదువాన్ అనే ఊరినుంచి శిఖరానికి దారి సుమారు 21 కిలోమీటర్లు. ఆ దూరంలోనే దాదాపు 1,600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఔత్సాహికులు రెండు గంటలు చెమటోడ్చి పైకి చేరతారు. ఫొటో దిగుతారు. ఇక దిగడమే కదా అనుకుంటారు. కథ అక్కడే మొదలవుతుంది. ఎక్కేటప్పుడు గంటకు పది, పన్నెండు కిలోమీటర్ల వేగం. గాలి కొడితే కాలు కింద పెట్టొచ్చు. దిగేటప్పుడు తొక్కకపోయినా అరవై దాటుతుంది. అప్పటిదాకా కొండ చాటున హాయిగా సాగిన సైకిల్ ఒక మలుపు తిరగ్గానే గాలికి ఎదురుపడుతుంది. అరవై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ‘అయ్యో’ అనుకునే అరసెకనులో ఎనిమిది మీటర్లు దాటిపోతారు. రోడ్డు వెడల్పు మాత్రం అంత ఉండదు!

అందుకే ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు.

ప్లైవుడ్ పాఠం

స్కూటర్ మీద వెనక కూర్చుని ప్లైవుడ్ షీటో, థర్మాకోల్ షీటో పట్టుకుని ఎప్పుడైనా వెళ్లారా? ఎదురుగాలి ఫర్వాలేదు. పక్కనుంచి ఒక్క విసురు వచ్చిందా... బండి మొత్తం రోడ్డు అవతలికి లాక్కుపోతుంది. రోడ్ సైకిల్ చక్రం విషయంలోనూ జరిగేది అదే.

మామూలు సైకిల్ రిమ్ము సన్నగా ఉంటుంది. రేసింగ్ సైకిళ్లకు వాడే కార్బన్ ఫైబర్ రిమ్ములు అలా కాదు. టైరు నుంచి లోపలికి మూడు సెంటీమీటర్లు, ఆరు సెంటీమీటర్లు, కొన్నయితే ఎనిమిది సెంటీమీటర్ల లోతుంటాయి. ఎందుకంటే లోతైన రిమ్ము ఎదురుగాలిని నున్నగా చీల్చుకుపోతుంది. చదునైన రోడ్డు మీద అదే శ్రమకు ఇంకాస్త వేగం ఇస్తుంది. చూడ్డానికీ దర్జాగా ఉంటుంది. కుర్రకారు మనసు పారేసుకునేది అక్కడే.

కానీ పక్కనుంచి చూస్తే ఆ రిమ్మే ఒక తెరచాప. లెక్క వేసి చూద్దాం. 30 మిల్లీమీటర్ల లోతున్న రిమ్ము పక్కగాలికి చూపించే వైశాల్యం మనం ఆఫీసుల్లో వాడే ఏ4 కాగితం కన్నా కాస్త తక్కువ. 60 మిల్లీమీటర్లదైతే అలాంటి కాగితాలు ఒకటీ ముప్పావు. పుల్లలే లేకుండా పళ్లెంలా మూసేసిన చక్రమైతే దాదాపు ఐదు కాగితాలు!

ఇంకో చిత్రం ఉంది. గాలి వేగం మారకపోయినా మన వేగం పెరిగేకొద్దీ పక్కకు తోసే బలం పెరుగుతుంది. పక్కనుంచి గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తోందనుకుందాం. మీరూ 30లో వెళ్తుంటే చక్రానికి తగిలే గాలి వేగం 42. అదే మీరు 60లో వెళ్తుంటే 67. పక్కకు తోసే బలం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అంటే గాలి బెడదను తగ్గించుకునే మొదటి మీట మన చేతిలోనే ఉంది. అదే బ్రేకు.

చదును రోడ్డు మీద కూడా గాలి ఎంత పని చేయగలదో 2015 మార్చిలో బెల్జియంలో జరిగిన గెంట్-వెవెల్గెమ్ పోటీ చూపించింది. బ్రిటన్ పోటీదారు గెరాయింట్ థామస్‌ను గాలి అమాంతం రోడ్డు పక్క గుంటలోకి విసిరేసింది. ఆయన లేచి, మళ్లీ సైకిలెక్కి మూడో స్థానంలో నిలవడం గొప్ప విషయమే. కానీ ఆ రోజు పోటీ పూర్తి చేసినవాళ్లు 39 మందే. అక్కడ పడితే గడ్డిలో పడ్డారు. కొండ దారిలో పడితే..?

ముందు చక్రమే ముఖ్యం

గాలి సైకిల్ మొత్తాన్నీ తోస్తుంది. నిజానికి అందులో పెద్ద వాటా మనిషి ఒంటిదే. అయినా నిపుణులంతా చక్రం గురించే ఎందుకు మాట్లాడతారు? ఎందుకంటే ముందు చక్రం హ్యాండిల్‌కు తగిలించి ఉంటుంది. ఒంటిని తోస్తే సైకిల్ కాస్త పక్కకు జరుగుతుంది. ముందు చక్రాన్ని తోస్తే హ్యాండిలే తిరుగుతుంది. మొదటిది సర్దుకోవచ్చు. రెండోది గుండె జారేలా చేస్తుంది.

వెనక చక్రానికి ఈ బాధ లేదు. అది తిరిగేది ముందుకే తప్ప పక్కకు కాదు. పైగా మనిషి బరువులో ఎక్కువ భాగం దానిమీదే ఉంటుంది. అందుకే ‘ముందు తక్కువ లోతు, వెనక ఎక్కువ లోతు’ అన్నది చాలామంది పాటించే సూత్రం. ముందు 35 మిల్లీమీటర్లు, వెనక 45 అన్నట్టు. కొన్ని కంపెనీలు జతను అలాగే తయారుచేసి అమ్ముతున్నాయి కూడా.

మనిషి బరువునూ లెక్కలోకి తీసుకోవాలి. 80 కిలోల మనిషి, 50 కిలోల అమ్మాయి ఒకే చక్రాలు వాడితే చక్రాన్ని గాలి తోసే బలం ఇద్దరికీ ఒకటే. కాచుకునే బరువు మాత్రం ఒకటి కాదు. కాబట్టి సన్నగా, తేలిగ్గా ఉండేవాళ్లు, టీనేజీ పిల్లలు ఇంకో మెట్టు దిగి 25-30 మిల్లీమీటర్ల రిమ్ముతో సరిపెట్టుకోవడం మంచిది. ‘ఫలానా చాంపియన్ 60 వాడుతున్నాడుగా’ అని పిల్లలు వాదిస్తే... ఆ చాంపియన్ చిన్నప్పటినుంచీ అదే పనిలో ఉన్నాడనీ, అతని కోసం దారి పొడవునా వాహనాలు ఆపేస్తారనీ గుర్తుచేయండి.

అంతెందుకు? అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కూడా గుంపుగా సాగే రోడ్డు పోటీల్లో రిమ్ము లోతు 65 మిల్లీమీటర్లు మించకూడదని 2026 జనవరి 1 నుంచి హద్దు గీసింది. హవాయి దీవుల్లోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీల్లో పళ్లెం చక్రాలను చాలా ఏళ్లపాటు రానివ్వలేదు. కారణం అక్కడి పక్కగాలులే.

తిమింగలం నేర్పిన రిమ్ము

లోతొక్కటే కాదు, రిమ్ము ఆకారమూ ముఖ్యమే. పాతకాలపు లోతైన రిమ్ములు కత్తి అంచులా లోపలికి మొనదేలి ఉండేవి. చక్రం ముందు సగంలో గాలికి మొదట తగిలేది టైరు. వెనక సగంలో మొదట తగిలేది రిమ్ము లోపలి అంచు. ఆ అంచు మొనదేలి ఉంటే గాలి దానిమీద నిలకడగా పారదు. ఒక్కసారిగా విడిపోతుంది. అప్పటిదాకా ఒకవైపు తోస్తున్న బలం ఉన్నట్టుండి మారిపోతుంది. హ్యాండిల్ ఝాడించినట్టు అదురుతుంది. నిలకడగా వీచే గాలికన్నా ఆ కుదుపే ప్రమాదం. ఎంత తోస్తుందో తెలిస్తే మనిషి అందుకు తగ్గట్టు ఒరిగి నడుపుతాడు. ఎప్పుడు తోస్తుందో తెలియకపోతేనే కష్టం.

అందుకే గత పదిహేనేళ్లలో రిమ్ములు వెడల్పయ్యాయి. లోపలి అంచు గుండ్రంగా మారింది. అడ్డంగా కోసి చూస్తే ఒకప్పుడు ఇంగ్లిషు ‘వి’లా ఉండేది ఇప్పుడు ‘యు’లా ఉంటుంది. అమెరికాకు చెందిన జిప్ కంపెనీ 2016లో ఇంకో అడుగు ముందుకేసి, హంప్‌బ్యాక్ తిమింగలం ఈత రెక్కల మీద ఉండే బుడిపెల్ని చూసి రిమ్ము లోపలి అంచును రంపపు పళ్లలా తీర్చింది. అంత భారీ జీవి నీళ్లలో చటుక్కున మలుపు తిరగడంలో ఆ బుడిపెలకూ పాత్ర ఉందట. నీళ్లలో పనికొచ్చింది గాలిలోనూ పనికొస్తుందన్నది వాళ్ల ఆలోచన.

అలాంటివి ఖరీదైనవి. కొనాల్సిన పనిలేదు. కానీ దుకాణంలో రెండు రిమ్ములు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు లోతు ఒకటే అయినా వెడల్పుగా, లోపలి అంచు గుండ్రంగా ఉన్నదాన్నే తీసుకోండి. చేత్తో తడిమినా తేడా తెలిసిపోతుంది.

నాలుగు లీటర్ల నీళ్లు మరిగేంత వేడి!

గాలి గురించి ఆలోచిస్తూ చాలామంది మర్చిపోయే సంగతి ఇంకోటుంది. వేడి. మనిషి, సైకిల్ కలిసి 80 కిలోలనుకుంటే 1,600 మీటర్ల ఎత్తునుంచి దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి దాదాపు నాలుగు లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. వేగంగా దిగితే అందులో ఎక్కువ భాగాన్ని ఎదురుగాలే మింగేస్తుంది. కానీ పక్కగాలికి జడిసి 30 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే? ఆ శక్తిలో చాలా భాగం బ్రేకులే మోయాలి.

చూశారా మెలిక! గాలి ఎక్కువగా ఉన్నప్పుడు మెల్లగా వెళ్లాలి. మెల్లగా వెళ్లాలంటే బ్రేకు ఎక్కువ నొక్కాలి. బ్రేకు నొక్కేకొద్దీ వేడి పెరుగుతుంది. అందుకే చక్రం ఎంచుకునేటప్పుడు గాలినీ, బ్రేకునూ విడదీసి చూడకూడదు.

రబ్బరు కట్టలు రిమ్మును రెండువైపులా నొక్కే పాత పద్ధతి బ్రేకులైతే ఆ వేడంతా రిమ్ముకే పోతుంది. అల్యూమినియం రిమ్ము వేడిని తొందరగా వదిలేస్తుంది. కార్బన్ రిమ్ము అలా వదల్లేదు. మరీ వేడెక్కితే దాన్ని అంటిపెట్టి ఉంచే జిగురు పదార్థం మెత్తబడి రిమ్ము ఉబ్బొచ్చు, పొరలు విడిపోవచ్చు. లోపల ట్యూబు పేలొచ్చు. పొడవాటి ఘాట్ రోడ్డు సగంలో ముందు ట్యూబు పేలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి మీ సైకిల్‌కు పాత పద్ధతి బ్రేకులుంటే కొండలకు అల్యూమినియం రిమ్మే క్షేమం. ఇందులో రెండో మాట లేదు.

మోటార్‌సైకిల్‌లా డిస్క్ బ్రేకులుంటే రిమ్ముకు ఈ వేడి తగలదు. వృత్తి పోటీల్లో వాటిని 2018లో పూర్తిగా అనుమతించారు. అప్పటినుంచి కొండ దారుల్లో కార్బన్ రిమ్ము వాడటానికి భయం చాలావరకు తగ్గింది. అయినా బ్రేకు నొక్కిపట్టి దిగడం మంచి అలవాటు కాదు. మలుపుకు ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించాలి. తర్వాత వదిలేయాలి. బ్రేకుకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

టైరు, పుల్లలు, బరువు

రేసు సైకిలంటే సన్నటి టైరే ఉండాలన్నది పాత మాట. ఒకప్పటి 23 మిల్లీమీటర్ల టైర్లు పోయి ఇప్పుడు 28, 30 మిల్లీమీటర్లవి మామూలైపోయాయి. వెడల్పు టైరులో గాలి కాస్త తక్కువ కొట్టొచ్చు. గరుకు రోడ్డు మీద ఎగిరిపడదు. మలుపులో పట్టు బాగుంటుంది. గాలి విసురుకు సైకిల్ పక్కకు జరిగినా టైరు నేలను వదలదు.

ఇక్కడొక జాగ్రత్త. కొత్తగా వస్తున్న కొన్ని రిమ్ములకు టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం ఉండదు. అలాంటివాటిలో 5 బార్లు, అంటే సుమారు 72 పౌండ్లకు మించి గాలి కొట్టకూడదు. వాటికోసం తయారైన టైర్లే వేయాలి. కొనేముందు ‘దీనికి కొక్కెం ఉందా, లేదా’ అని అడగండి. దుకాణదారు సరిగ్గా చెప్పలేకపోతే కొక్కెం ఉన్నదే ఇమ్మనండి.

పుల్లల సంగతికొస్తే అవి మరీ తక్కువైతే ఒక్కటి తెగినా చక్రం వంకరపోతుంది. కొండ దారులకు ముందు చక్రానికి 20-24, వెనక 24-28 ఉంటే ధీమాగా ఉండొచ్చు. ఊళ్లో దొరికే మామూలు రకం పుల్లలైతే ఇంకా మంచిది. తెగినప్పుడు విదేశం నుంచి తెప్పించుకునే బాధ ఉండదు.

ఇక బరువు. ‘ఈ చక్రాలు 200 గ్రాములు తేలిక’ అంటూ అమ్మేవాళ్లు ఊరిస్తారు. ధరేమో పాతికవేలు ఎక్కువ! నిజానికి మనిషి, సైకిల్ కలిపి 80 కిలోల్లో 200 గ్రాములంటే నాలుగువందో వంతు. గంటసేపు ఎక్కే కొండమీద కలిసొచ్చేది తొమ్మిది సెకన్లు. పైన ఒక గుక్క మంచినీళ్లు తాగేంత సమయం! దానికోసం దిగేటప్పుడు కావాల్సిన గట్టిదనాన్ని వదులుకోవడం తెలివైన బేరం కాదు.

దిగడంలో ధైర్యం ఉంటే ఎంత కలిసొస్తుందో చెప్పడానికీ మాంట్ వెంటూనే సాక్ష్యం. 2021 జులై 7న టూర్ పోటీదారులు ఆ కొండను ఒకే రోజు రెండుసార్లు ఎక్కి మాలోసెన్ వైపు దిగారు. రెండోసారి ఎక్కేటప్పుడు డెన్మార్క్ కుర్రాడు వింగెగార్డ్ అందరినీ, అప్పటి విజేత పొగాచర్‌నూ వెనక వదిలేసి శిఖరం దాటాడు. తీరా దిగుడు దారిలో పొగాచర్ మరో ఇద్దరితో కలిసి అతన్ని పట్టేశాడు. ఎక్కేటప్పుడు సంపాదించింది దిగేటప్పుడు నిలబెట్టుకోవాలి మరి!

మన ఘాట్లలో...

హైదరాబాద్, విశాఖ, బెంగళూరుల్లో రోడ్ సైకిళ్లు తొక్కే కుర్రాళ్లు, పెద్దవాళ్లు ఇప్పుడు కొత్తకాదు. ఆదివారం తెల్లారేసరికి గుంపులుగా బయల్దేరుతున్నారు. అరకు ఘాట్ రోడ్డు, శ్రీశైలం దారి, హార్స్‌లీ హిల్స్... ఇవన్నీ ఊరించే కొండలే. మన దగ్గర మిస్ట్రల్ లేదు నిజమే. కానీ వానాకాలం ముందు వచ్చే ఈదురుగాలులున్నాయి. అడవి ఆగిపోయి లోయ తెరుచుకునే మలుపులున్నాయి. ఎదురుగా రయ్యిన దూసుకొచ్చే లారీలున్నాయి. లారీ పక్కనుంచి వెళ్తే మొదట తోస్తుంది, దాటగానే లాగుతుంది. రోజూ ఎదురయ్యే పక్కగాలి అదే. దానికి తోడు గుంతలు!

అందుకే మనవాళ్లు చేయాల్సిన ఎంపిక తేలికే. 30 మిల్లీమీటర్ల దగ్గర్లో లోతు, వెడల్పు రిమ్ము, 28 లేదా 30 మిల్లీమీటర్ల టైరు, కావలసినన్ని పుల్లలు. అల్యూమినియమైనా ఏమాత్రం చిన్నతనం కాదు. గుంతలో పడి కాస్త వంగితే ఊళ్లో మేస్త్రీ బెండు తీసి ఇస్తాడు. కార్బన్ రిమ్ము పగిలితే కొత్తది కొనాల్సిందే. లోతైన చక్రాల మీద మోజు తీరకపోతే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన సైకిల్ ట్రాక్‌లాంటి చదును దారికి అవి ఉంచుకోండి. కొండకు వేరే జత.

దిగే ముందు... దిగేటప్పుడు

* రెండు బ్రేకులూ నొక్కి చూడండి. చక్రాలు ఫ్రేముకు గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి. టైరు మీద గాటు పడి ఉంటే అక్కడే ఆగిపోవాలి.
* జాకెట్టు జిప్పు పైదాకా వేయండి. రెపరెపలాడే బట్టే ఇంకో తెరచాప.
* చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంచి, ఒంటిని కిందికి వంచండి. మోచేతులు బిగబట్టొద్దు. భయంతో పిడికిలి బిగిస్తే గాలి విసురు నేరుగా హ్యాండిల్‌కు చేరుతుంది.
* సైకిల్ వణకడం మొదలైతే మోకాళ్లతో మధ్య గొట్టాన్ని అదిమిపట్టి, మెల్లగా వేగం తగ్గించండి. చాలావరకు వణుకు ఆగుతుంది.
* రోడ్డు అంచుకు అంటుకుపోకండి. పక్కకు జరగడానికి మీటరైనా చోటుండాలి.
* ముందుకు చూడండి. చెట్లు ఆగిపోయే చోటు, వంతెన, కొండ కోత ముగిసే మలుపు... గాలి అక్కడే కాపు కాస్తుంది. అక్కడికి చేరకముందే బ్రేకు వేయాలి.

పిల్లలు కొత్త చక్రాలు అడిగితే ‘ఎంత వేగం పోతాయి’ అని కాదు, ‘ఏ దారికి’ అని అడగండి. కొండకైతే ఈ వరసలో చూడండి: మొదట బ్రేకు, తర్వాత ముందు చక్రం లోతు, ఆపైన రిమ్ము ఆకారం, టైరు, పుల్లలు. బరువు, అందం చిట్టచివర.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గాలి మరీ ఉద్ధృతంగా ఉంటే? దిగి, సైకిల్‌ను గాలి వచ్చే వైపు కాకుండా అవతలి వైపు ఉంచుకుంటే ఒరిగినా మీద పడదు. అలా నాలుగడుగులు నడవండి. మలుపు దాటాక మళ్లీ ఎక్కొచ్చు. అందులో నామోషీ ఏముంది? గాలి కాదన్న రోజున టూర్ డి ఫ్రాన్స్ అంతటిదే ఆరు కిలోమీటర్లు కిందికి దిగొచ్చింది!